కంప్యూటరు విద్య – మన కళాశాలలు

మొయినాబాదు మండలమున సురంగల్, చిల్కూరు, అజీజ్‌నగర్ పరిసరములకు ప్రతి ఉదయమున నగరమునుండి కళాశాలల బస్సులు బారులు తీరి వచ్చుచుండును. ఒకప్పుడు చేలును తోటలును తప్ప మరేమియు కానరాని ఈ తావులయందు ఇంజనీరింగు విద్యాలయములు వెలసినవి. విద్య పల్లె చెంతకు వచ్చినప్పుడు సంతసింపనివా రెవరు? అయితే వచ్చినది విద్యయా, విద్య పేరిటి పట్టమా యని అడుగవలసి యున్నది.

2020 మొదలు మన కళాశాలలలో సైబరు సెక్యూరిటీ యను పేరుతో ప్రత్యేక శాఖలు పుట్టినవి. 2024లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి సీట్ల పరిమితిని తొలగించిన పిమ్మట కంప్యూటరు సీట్లకై ఆత్రము మరింత పెరిగినది. బోర్డుపై పేరు వ్రాయించుట ఒక పూట పని. ఆ పేరునకు తగిన గురువును సంపాదించుట అట్టిది కాదు. ఈ విద్య చక్కగా నెరిగినవానికి కంపెనీ లిచ్చు జీతము కళాశాల లీయజాలవు. కావున నిన్నమొన్న పట్టము పుచ్చుకొన్న యువకుడే పెక్కుచోట్ల గురుపీఠ మెక్కుచున్నాడు.

నెట్‌వర్కున పంపిన వర్తమానము చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి, అనేక యంత్రముల చేతులు మారి, గమ్యమున మరల నొకటియగును. ఒక్క పొట్లమును స్వయముగా పట్టి విప్పిచూచిన విద్యార్థికి తెలియు సంగతి, ముప్పది పుటల నోట్సు వల్లించినవానికి తెలియదు. యంత్రమును నడపు మూలవ్యవస్థ నెరుగక, నెట్‌వర్కు నెరుగక, రక్షణశాస్త్రము చదువుట యెట్లు? ద్వార మెక్కడ నున్నదో తెలియనివాడు గడియ యెక్కడ వేయును?

ఇది పరీక్షాపత్రములతో తీరు విషయము కాదు. 2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ సహకార బ్యాంకునుండి దొంగలు గోడకు కన్నము వేయకయే దాదాపు 12 కోట్ల రూపాయలు కాజేసిరి. ఉద్యోగులు ఒక కపటలేఖను తెరచుటయే వారికి త్రోవ చూపినది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యశాల కంప్యూటర్లు దుండగుల దాడికి లోనై, అనేక దినములు రోగుల పేర్లు చేతితో వ్రాసికొనవలసి వచ్చెను. స్వరాజ్యము సంపాదించిన జాతి తన లెక్కలను, తన రోగుల వివరములను కాపాడుకొనలేకున్న నేమనవలెను?

భాష మాట. పల్లెలో తెలుగున చదివి వచ్చిన బాలుడు ఆంగ్లములో పాఠము విని, అర్థము కాక, కంఠస్థము చేయుచున్నాడు. దోషము వానిది కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, అంతకు ముందేటనే ఏర్పడిన అనువాదశాఖ గ్రంథముల సాయమున, ఇంజనీరింగు, వైద్యములను సైతము ఉర్దూలో బోధించినది. అచట తెలుగునకు చోటు దక్కలేదన్న ఆంధ్రుల వేదన న్యాయమైనదే. దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునన్న నిదర్శనము మాత్రము నిలిచినది. 2021లో విద్యామండలి తెలుగున ఇంజనీరింగు బోధించుటకు అనుమతించినది. ఉద్యోగము రాదేమోనన్న భయముచే తల్లిదండ్రులు వెనుదీయుచున్నారు. ఆంగ్లము వలదని మే మనము. మొదట తెలుగున అర్థమైన విషయమును ఆంగ్లములో చెప్పుట కష్టమా? మోసగాని మాటలకు లోబడి పింఛను పోగొట్టుకొను వృద్ధునకు హెచ్చరిక యే భాషలో చెప్పవలెనో మన పట్టభద్రు లాలోచింపవలెను.

చిల్కూరు బాలాజీ సన్నిధిని వీసాకై పదునొకండు ప్రదక్షిణములు చేయు యువకులను మేము పరిహసింపము. పోనిండు, సంపాదింపనిండు. పోవుటకు ముందు తమ కళాశాల చెంతనున్న పంచాయతీ కార్యాలయమును, సహకార సంఘమును, బడిని ఒక్కమారు చూచిపోవలెను. అచటి కంప్యూటరు పాస్‌వర్డు గోడపై అంటించి యున్నదా? లెక్కలకు మరొక ప్రతి వేరొకచోట భద్రపరచిరా? తుది సంవత్సరమున విద్యార్థులు జట్లుగా ఈ పని చేసి, తెలుగున నివేదిక వ్రాసి, గ్రామస్థుల యెదుట చదువవలెను. దానికి మార్కు లిచ్చు నిబంధనను విశ్వవిద్యాలయము వచ్చు విద్యాసంవత్సరముననే చేర్పవచ్చును. క్రొత్త భవనము లక్కరలేదు.