కౌలు రైతుకూ ఓ నిమ్మచెట్టు ఉండాలి

కౌలు చేలో చెట్టు పెట్టుకునే వీలుండదు. చెట్టు నాటితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని ఆసామికి అనుమానం. వచ్చే ఏడు ఈ చేను మనకిస్తారో లేదోనని కౌలుదారుకు దిగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఒప్పందాన్ని 11 నెలలకే పెట్టింది. నిమ్మ అంటు కాపుకు రావాలంటే రెండు మూడేళ్లు, గింజ మొక్కయితే నాలుగైదేళ్లు పడుతుంది. 11 నెలల కాగితంతో చెట్టెలా పెంచుతారు?

అందుకే కౌలు రైతులు, పెరట్లో చౌడు నేల ఉన్నవారు, ఇంటిముందు నాలుగడుగుల జాగా మాత్రమే ఉన్నవారు ఒక నిమ్మచెట్టును డ్రమ్ములో పెంచుకోవాలని నా సలహా. ఇల్లు మారితే ట్రాక్టరులో ఎక్కించి తీసుకుపోవచ్చు.

అయితే ముందే ఒక మాట. ఇది అమ్ముకోవడానికి కాదు, ఇంటికి. డ్రమ్ముల్లో తోట పెడితే లక్షలొస్తాయని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చేయకండి. వేరు పారే చోటు తక్కువ గనుక చెట్టు పొట్టిగానే ఉంటుంది, కాపూ ఆ మేరకే. పచ్చడికీ, మజ్జిగలోకీ, ఎండన పడి వచ్చాక ఉప్పూ పంచదారా వేసిన నిమ్మనీళ్లకూ సరిపడితే చాలదూ? వేసవిలో కాయ ధర ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు తొట్లు అవుతాయి. పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వాడొద్దు. అడుగున బొటనవేలు దూరేంత రంధ్రాలు ఐదారు పెట్టి, ఇటుకల మీద ఎత్తుగా ఉంచాలి. నీరు నిలిస్తే నిమ్మ వేరు కుళ్లుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపండి. ఒట్టి నల్లరేగడి పనికిరాదు, తడికి బిగుసుకుంటుంది, ఎండకు బీటలిస్తుంది.

తొలకరి తర్వాత నమ్మకమైన నర్సరీలో అంటు మొక్క తీసుకోండి. గజ్జి తెగులును కొంత తట్టుకునే బాలాజీ రకం దొరికితే మంచిది. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. మొదటి ఏడాది పూత గిల్లేయండి. వేసవిలో రోజూ నీరు తప్పదు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పోయొచ్చు, సబ్బు నీళ్లు వద్దు. నీటితో పాటు సారం కూడా కిందికి కొట్టుకుపోతుంది. అందుకని రెండు మూడు నెలలకోసారి రెండు దోసిళ్లు ఎరువు వేయాలి. ఈనెలు పచ్చగా ఉండి ఆకు మధ్యలో పసుపు తిరిగితే అది జింకు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లండి. లేత ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు. ఒక్క చెట్టుకు మందెందుకు, చేత్తో ఏరేస్తే సరి. రెండు మూడేళ్లకోసారి అంచుల్లో చుట్టుకున్న వేళ్లు కొంత కోసి, కొత్త మట్టి నింపండి.

అధికారులకూ ఒక విన్నపం. తోటల పథకమంటే పాసుపుస్తకం అడుగుతారు. కౌలుదారు దగ్గర అది ఉండదు. వానాకాలంలో ప్రభుత్వ నర్సరీల నుంచి కౌలు కుటుంబానికి ఒక్క నిమ్మ అంటు ఇస్తే ఖజానాకు వచ్చే లోటేమీ లేదు. ఈసారి గ్రామసభలో మీరే ఈ మాట అడగండి. అంతవరకూ డ్రమ్ము, మట్టి సిద్ధం చేసుకుని ఉంచండి.