సెలవుల్లో తెరుచుకున్న తలుపు

ఘంటసాల పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఇయర్‌ఫోన్స్‌లో ర్యాప్ తప్ప ఇంకేం వినని మన ఫ్రెండ్స్ కూడా చిన్నప్పుడు గుడి మైకులో ఆయన భగవద్గీత వింటూ పెరిగినవాళ్లే. మరి ఆ గొంతుకి పాఠం చెప్పిందెవరు అని అడిగితే? చాలామందిమి ఫోన్ తీసి వెతకాల్సిందే.

ఆయన పేరు పట్రాయని సీతారామశాస్త్రి. జనం 'సాలూరు చినగురువు గారు' అని పిలుచుకునేవారు. 1900లో పుట్టి 1957లో పోయారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్పేవారు. మన నర్సీపట్నం నుంచి అనకాపల్లి, విశాఖ దాటుకుని వెళ్తే వచ్చే విజయనగరమే అది. 1919లో ఆ కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. 1936లో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఈ రెండు పేర్లూ జీకే పుస్తకాల్లో కనిపిస్తాయి. అదే కళాశాలలో రోజూ పిల్లల్ని కూర్చోబెట్టి సరళీ స్వరాల నుంచి నేర్పిన చినగురువు గారి పేరు మాత్రం అంతగా వినిపించదు.

ఘంటసాల కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో వేలి ఉంగరం ఎనిమిది రూపాయలకి అమ్మేసి, ఆ డబ్బుతో విజయనగరం బయల్దేరారని చెప్తారు. తీరా వచ్చేసరికి కళాశాలకి వేసవి సెలవులు. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. చేతిలో డబ్బు లేదు. అడ్మిషన్ లేదు. ఇలాంటి పరిస్థితిలో మన ఆఫీసు కౌంటర్ దగ్గర ఏమంటారో మీకు తెలుసు: 'రీ-ఓపెనింగ్‌కి రావయ్యా'.

తర్వాత కొన్ని కష్టాలు పడి ఆ కుర్రాడు శాస్త్రి గారి ఇంటికి చేరాడు. ఆయనేమీ కలిగినవారు కాదు. పాఠం చెప్పగలరు గానీ, ఇంకో మనిషికి రోజూ రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని కుర్రాడు జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్లి మధుకరం తెచ్చుకునేవాడు. గురువు గారు ఫీజు లేకుండా తన ఇంట్లోనే పాఠం చెప్పేవారు. తర్వాత కళాశాలలో చేరి నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో పూర్తి చేశాడని అంటారు. ఆ వేగానికి పునాది పడింది ఆ ఇంట్లోనే అని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ కథ వినగానే 'ఆ రోజులే వేరు, ఆ గురుకులాలే వేరు' అంటూ కొందరు నిట్టూరుస్తారు. నేనైతే ఒప్పుకోను. ఆకలితో చదవడంలో గొప్పేమీ లేదు. పైగా వారాలు, మధుకరం అప్పట్లో అందరి పిల్లలకీ దొరికేవి కావు. ఏ ఇంటి పిల్లాడో చూసి గుప్పెడు అన్నం పెట్టిన కాలం అది. జోలె పట్టే అవకాశం కూడా లేక ఎన్ని గొంతులు అక్కడితో ఆగిపోయాయో! ఇవాళ మన హాస్టళ్లూ, ఫీజు రీయింబర్స్‌మెంటూ ఆ పద్ధతి కంటే వంద రెట్లు నయం. కాబట్టి ఆ కాలం మళ్లీ రావాలని నేను కోరుకోవట్లేదు.

కానీ ఆ కథలో ఒక్క విషయం మాత్రం నాకు కావాలి. సెలవుల్లో వచ్చిన పిల్లాడికి తలుపు తీయడం. టైమ్‌టేబుల్‌లో లేని పాఠం చెప్పడం. మన సిలబస్‌లో ప్రతి యూనిట్‌కీ 'కోర్స్ అవుట్‌కమ్' రాస్తారు కదా, అందులో దీనికి గడి లేదు. జీతం తీసుకున్న గంటలకి లెక్క ఉంటుంది. మిగతా గంటల్లో శిష్యుడి కోసం ఖర్చు పెట్టిన ఓపికకి లెక్క ఉండదు. శిష్యుడు జీవితాంతం గుర్తుపెట్టుకునేది ఎక్కువగా ఆ లెక్కలో లేని గంటల్నే.

ఆ పాఠం ఎక్కడికి పోయింది? నాకు ఘంటసాల పద్యాల్లో వినిపిస్తుంది. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఒకసారి కళ్లు మూసుకుని వినండి. రాగం ఎంత సాగినా ఒక్క అక్షరం నలగదు. అర్థం ముందు నడుస్తుంటే సంగీతం దాని వెనక చేయి పట్టుకుని వస్తుంది. ఏళ్ల తరబడి దగ్గర కూర్చోబెట్టుకుని సరిదిద్దినవాళ్లు లేకుండా అలాంటి ఉచ్చారణ రాదు. ఇంకో సంగతి. గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాలకి సహాయకుడిగా చాలా ఏళ్లు పనిచేశారు. తర్వాత వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం కూర్చారు. వందేళ్లు దాటి బతికి 2021లో కన్నుమూశారు. అంటే సాలూరు ఇంటి సంగీతం సినిమా పాటలోకీ, నాట్యంలోకీ నడిచింది. ఇన్ని చోట్ల పనిచేస్తున్నా దాని మీద పేరు మాత్రం రాసి లేదు.

శిష్యుడు ఘంటసాల కాబట్టి చినగురువు గారి సంగతి మనకి ఈ మాత్రమైనా తెలుస్తోంది. శిష్యులెవరూ మద్రాసు వెళ్లకపోతే? మన ఉత్తరాంధ్ర ఊళ్లలో అలాంటి గురువులు ఇప్పటికీ ఉన్నారు. నాటకాల వాళ్లకి హార్మోనియం మీద పద్యం నేర్పేవాళ్లు, భజన బృందానికి శ్రుతి పట్టడం నేర్పేవాళ్లు, తప్పెటగుళ్లకి అడుగు దిద్దేవాళ్లు, జముకుల కథ చెప్పడం నేర్పేవాళ్లు. వాళ్లకి సర్టిఫికెట్ లేదు, యూట్యూబ్ ఛానల్ లేదు. చాలామంది ముసలివాళ్లయిపోయారు. ఒక్కొక్కరు వెళ్లిపోతుంటే ఒక్కొక్క బాణీ వెళ్లిపోతోంది. మనం మాత్రం సెప్టెంబర్ 5న స్టేటస్ పెట్టి ఊరుకుంటున్నాం.

మన క్లబ్బుకి నాదొక ప్రతిపాదన. సంక్రాంతికి ఎలాగూ అందరం ఊళ్లకి వెళ్తాం. ఒక్కొక్కరం మన ఊళ్లో పాటో, పద్యమో, వాయిద్యమో నేర్పే ఒక్క మనిషిని వెతికి కలుద్దాం. మీరెవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు అని అడుగుదాం. వాళ్లు ఒప్పుకుంటే ఒక పద్యమో పాటో ఫోన్‌లో రికార్డ్ చేద్దాం. తిరిగొచ్చాక ఆ వివరాలన్నీ ఈ పత్రికలోనే అచ్చేద్దాం. మన చేతిలో ఉన్న ఫోన్‌కి మైకు మంచిదే, బ్యాటరీ కూడా చాలు. కావాల్సిందల్లా ఒక మధ్యాహ్నం.