ఫీజు కట్టేస్తే సరిపోతుందా?

ఏటా కాలేజీలు తెరిచే వేళకు రాయ్‌పూర్‌లో అడ్మిషన్ల హడావుడి మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చిన వారితో పాటు, రైల్వే ఉద్యోగాల పుణ్యమా అని ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆడపిల్లలూ ఆ వరుసల్లో కనిపిస్తారు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆపైన ఆన్‌లైన్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు. ఇవన్నీ దాటుకుని ఫీజు గండం గట్టెక్కినా పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఉండేదెక్కడ?

రాయ్‌పూర్ నుంచి విజయనగరం మీదుగా సాగే రైలు మార్గం అవతలి కొసన, వాల్తేరులో, 1930లలో ఒక యువతికి ఇదే ప్రశ్న ఎదురైంది. ఆమె దుర్గాబాయి.

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ చదవాలనుకున్నప్పుడు అడ్డొచ్చింది మార్కులు కాదు, వసతి. మహిళలకు హాస్టల్ లేదని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. ఆమె వెనుదిరగలేదు. హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు తనను సంప్రదించాలంటూ పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. కొందరు ముందుకొచ్చారు. అంతా కలిసి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. ఆమెకు సీటు దక్కింది.

డిగ్రీ తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదవడానికి టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ఆ ప్రయాణాన్ని ఆపేసింది. దాంతో ఆమె మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు. చేతికొచ్చిన ఆర్థిక సాయం కూడా అక్కరకు రాకుండా పోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి జీవితమంతా ఇలాంటి అడ్డంకులు తొలగించే పనే. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలిరోజుల్లోనే అమ్మాయిలను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేసింది. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘం సభ్యురాలిగా పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో బడి మానేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమయ్యే సంక్షిప్త కోర్సులను ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. అదే ఏడాది ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీకీ ఆమే సారథి. స్త్రీ విద్యను విడి సమస్యగా చూసి ప్రత్యేకంగా నిధులు ఇవ్వాలన్నది ఆ కమిటీ మాట.

1953లో ఆమె పెళ్లాడిన చింతామణ్ దేశ్‌ముఖ్ అప్పటి ఆర్థికమంత్రి. రాయ్‌పూర్ కూడా భాగమైన నాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఐసీఎస్ అధికారిగా పనిచేసినవారు. 1956లో యూజీసీ పగ్గాలు చేపట్టారు. అంటే, కొంతకాలం దేశంలో విశ్వవిద్యాలయాల నిధులను చూసే వ్యక్తి, వాటి గడప దాకా రాలేని ఆడవాళ్ల గురించి ఆలోచించే వ్యక్తి ఒకే ఇంట్లో ఉన్నారన్నమాట. 1975లో ఇద్దరికీ పద్మవిభూషణ్ దక్కింది. దుర్గాబాయి 1981లో కన్నుమూశారు.

స్కాలర్‌షిప్పులకు ఇప్పుడు కొదవ లేదు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. లోపమల్లా సాయాన్ని ఫీజు రసీదుతోనే కొలవడంలో ఉంది. పరీక్షలయ్యాక ఖాతాలో పడే డబ్బు జూలైలో గది అద్దె కట్టదు. హాస్టల్ సీటు దొరకని అమ్మాయికి మాఫీ అయిన ఫీజు బస్సు టికెట్ కొనిపెట్టదు. ఇంట్లోవాళ్లు అప్పుడు వేసే లెక్క ఒక్కటే: ఈ ఏడాదికి మానేయమను, పైఏడు చూద్దాం. చాలామందికి ఆ పైఏడు రాదు.

వాల్తేరులో దుర్గాబాయి ముందుగా వెతికింది డబ్బు కోసం కాదు, తనలాగే ఆగిపోయిన అమ్మాయిల కోసం. రాయ్‌పూర్ కాలేజీలు ఆ పని ఈనాటికీ చేయొచ్చు. సీటు వచ్చీ చేరని అమ్మాయిల జాబితా ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. ఎందుకు రాలేదో ఒక్కొక్కరినీ ఫోన్ చేసి అడిగితే చాలు, సాయం ఎక్కడ చేరాలో తెలుస్తుంది.