కళ్లములో కథకుని పాలు

కుప్ప నూర్చి, తూర్పారబట్టి, కళ్లము నడుమ రాశి పోసిన పిమ్మట కొలగాడు కుంచము చేతబట్టి, మొదటి కొలతను ఒకటి యని లెక్కింపక 'లాభము' అని పలుకుచు ధాన్యము కొలుచు వేళ ఆ రాశి చుట్టును ఎవరెవరు నిలిచియుండిరో తలచుకొన్నచో, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల తెలుగు పల్లెలో వర్తకమనగా నేమో, వినోదమనగా నేమో, ఆ రెంటికి నడుమ గోడ యెంత పలుచనిదో బోధపడును. నాగలి చెక్కిన వడ్రంగి, కఱ్ఱు సాగగొట్టిన కమ్మరి, కుండలిచ్చిన కుమ్మరి, బట్టలుదికిన చాకలి, గడ్డము గీచిన మంగలి, చెప్పులును మోటకు తోలుబానయు కుట్టి, పెండ్లికిని చావుకును డప్పు వాయించిన మాదిగ, వీరందఱును ఏడాది పొడవున చేసిన పనికి ఆనాడు మేర పుచ్చుకొనెడివారు. వారి వెనుక మఱికొందఱు నిలిచియుండిరి. ఒకని భుజమున తంబుర. ఒకని చంకలో చుట్టిన పటము. ఒకని వెంట బొమ్మల పెట్టె. వారు బిచ్చమునకు వచ్చినవారు కారు. తమ పాలు కొలిపించుకొనుటకు వచ్చినవారు. నేను వ్రాయబూనినది వారిని గూర్చియే.

ఆ కాలపు వర్తకమనగానే నేటి పాఠకునకు రూపాయి అణాల లెక్క గుర్తునకు వచ్చును. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు, రెండణాలయినచో బేడ, నాలుగణాలయినచో పావలా. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చెలామణికి వచ్చువఱకు మన పెద్దలు ఈ లెక్కతోనే బ్రతికిరి. అయితే ఆ లెక్క నోట నున్నంతగా నాణెము చేత నుండెడిది కాదు. శిస్తు కట్టవలసిన కిస్తీల వేళ దప్ప వెండిరూపాయి ముఖము చూడని సంసారములు పల్లెలో పెక్కు. ఇల్లాలు చేటలో వడ్లో జొన్నలో పోసికొని కొట్టునకు పోయి ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు తెచ్చుకొనెడిది. ధాన్యమే అక్కడ నాణెముగ చెల్లెడిది. కిరసనాయిలు, అగ్గిపెట్టె మొదలగు సరకులు వాడుకలోనికి వచ్చిన కొలదియే చేత కాసు లేనిదే గడవని స్థితి ఇంటింటికి ప్రాకెను. కొలతలు చూడబోయిన గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము అని మెట్టుమెట్టుగ పెరిగి 20 తూములకు ఒక పుట్టి యగును. తూకమునకు వచ్చిన 8 వీసెలు ఒక మణుగు. పేర్లు ఒకటియే యైనను ఒక సీమ కుంచమునకును వేఱొక సీమ కుంచమునకును పొత్తు కుదరదు గనుక, పొరుగుసీమకు పోయిన రైతు ధర అడుగుటకు ముందు కొలత అడుగవలసి యుండెను.

వారమునకొకనాడు సంత. బేరము తెగిన పిదప కూరగాయలమ్మి గుప్పెడు కొసరు వేయవలెను. వేయనిచో కొన్న ఇల్లాలు గంప దగ్గఱనుండి కదలదు. సంత లేని దినములలో సరకే గడప కడకు నడచి వచ్చెడిది. భుజమున గాజుల మలారముతో గాజులవాడు, సూదులు దారములు దువ్వెనలు అద్దములు మోసికొని పూసలవారు వచ్చి, గింజలకును, దువ్వెనలో రాలిన వెంట్రుకల చుట్టలకును సయితము సరకు మార్చుకొనిపోవుచుండిరి. గారడీవాడు డమరుకము మ్రోగించునదియు, కోతి పల్టీలు కొట్టునదియు ఆ సంతలోనే. ఎద్దును కొన వచ్చిన రైతు ఆట చూచి పోవుట, ఆట చూడ వచ్చిన కుఱ్ఱవాడు మొలత్రాడు కొనుక్కొని పోవుట అక్కడ పరిపాటి. బజారు వేఱు, రంగస్థలము వేఱు అను తలంపు ఆనాటివారికి కలిగియుండదు.

తెలంగాణమున ఈ సంబంధము ఇంతకంటెను బిగువైనది. అచ్చట పెక్కు వృత్తికులములకు తమ కులపురాణము నాడి పాడి వినిపించు ఆశ్రితబృందములు కలవు. పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పువారు కూనపులివారు. గౌడులకు గౌడపురాణము చెప్పువారు గౌడజెట్టివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పువారు కాకిపడగలవారు. గొల్లలకు కొయ్యబొమ్మలు నిలిపి కాటమరాజు కథ చెప్పువారు మందహెచ్చులవారు. మాదిగలకు జాంబపురాణము చెప్పువారు డక్కలివారు. అదే మాదిగవాడలలో గజ్జెకట్టి యక్షగానములాడువారు చిందువారు. పటము చూపి కథ చెప్పువారికి వలసిన పటములను చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసి యిచ్చుచుండిరి. ఖాదీ గుడ్డకు గంజియు, సుద్దమన్నును, చింతగింజల జిగురును పట్టించి, ఆఱబెట్టి, ఎఱ్ఱని వన్నె నేలగా నింపి, దానిపై దేవతలను, రాజులను, కల్లు గీయువానిని, మగ్గము నేయువానిని గజముల కొలది పొడవున గీచెడివారు. రాత్రి దీపము వెలుగున కథకుడు ఆ పటమును ఒక్కొక్క గడిగా విప్పుచు పోవగా, మగ్గముపై వంగి వంగి నడుము పట్టుకొనిపోయిన నేతగాడు తన మూలపురుషుడు ఋషిపుత్రుడని విని ఆ రాత్రికి తల యెత్తి కూర్చుండెడివాడు. దీనిని కేవలము కాలక్షేపమని నేననలేను. పగలెల్ల లోకము చిన్నచూపు చూచిన వృత్తికి రాత్రివేళ ఒక వంశగౌరవము దొరికిన తావు అది.

ఇందులో వర్తకమెక్కడ గలదని పాఠకులు అడుగవచ్చును. ఏ ఊరు ఏ కుటుంబమునకు చెందునో ముందే నిర్ణీతము. ఆ హక్కునకు మిరాసి యని పేరు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. అన్నదమ్ములు వేఱుపడునపుడు పొలము పంచుకొనినట్లే ఊళ్లను పంచుకొందురు. ఒకరి ఊరిలో మఱియొకరు ఆడరాదు. బృందము వచ్చినపుడు తిండియు విడిదియు ఏర్పఱచి, ఆట ముగిసిన పిదప కట్టడి ప్రకారము ఇయ్యవలసినది ఇచ్చి పంపుట ఆ కులమువారి విధి. కనుక వారు ఎవరో పిలిచినందున వచ్చినవారు కారు, తమ ఊరికి తాము వచ్చినవారు. కమ్మరికి కొలిమి యెట్టిదో వారికి పటము అట్టిది. ఆతనికి మేర యెట్టిదో వారికి మిరాసి అట్టిది. కళకు కూలి కట్టిన ఆ లెక్కను మనము మఱచిపోతిమి.

రాయలసీమలోను, కోస్తాలోను తోలుబొమ్మలాటవారి రీతి కొంత వేఱు. మేక, జింక తోళ్లను వెలుగు దూఱునంత పలుచగా గీకి, రంగులద్ది, నగలకును చీరె అంచులకును సన్నని రంధ్రములు పొడిచి, తెల్లని తెర వెనుక ఆముదపు దీపములు వెలిగించి, రామాయణ భారతములను తెల్లవార్లు ఆడించెడివారు. రావణుని సభ నడుమ బంగారక్కయు, జుట్టుపోలిగాడును, కేతిగాడును చొరబడి ఊరి సంగతులెత్తి పరిహసించునపుడు నిద్రతూగుచున్న పిల్లలు సయితము లేచి కూర్చుండెడివారు. వాన వెనుకబడిన యేట విరాటపర్వము ఆడించినచో మబ్బు కరుణించునని నమ్మి, రైతులు చందా లెత్తి ఆట పెట్టించుట ఆనాటి ఆచారము. నమ్మకము మాట యెట్లున్నను, దుక్కి, విత్తు, ఎరువుతో పాటు బొమ్మలాటను సేద్యపు ఖర్చులలో వ్రాసికొనిన రైతు మనకుండెననుట నిజము. ధనుర్మాసపు హరిదాసును, గంగిరెద్దులవానిని గూర్చి పాఠకులకు నేను చెప్పనక్కఱలేదు. పగటివేషముల వారిని మాత్రము ఒక మాటతో స్మరించెదను: ఊరిలో దినమునకొక వేషము కట్టి, అన్నాళ్లును ఏమియు అడుగక, కడపటినాడు గడపగడపకు వచ్చి సంభావన పుచ్చుకొనెడివారు. ఊరు మాట తప్పదను నమ్మిక తప్ప వారి చేతిలో వేఱు పత్రము లేదు.

ఇట్లు చెప్పుటచే ఆ కాలమంతయు మేలైనదని నేననుచున్నట్లు ఎవరును భావింపవలదు. కళ్లములో మేర పుచ్చుకొనిన మాదిగ ఆ గింజలను మోసికొని పోవలసినది ఊరి వెలుపలి గూడెమునకే. అతని డప్పు మ్రోగనిదే జాతర మొదలుకాదు. ఆ జాతరలో ఆటను అతని బిడ్డ దూరమున నిలిచి చూడవలెను. మాదిగకు ఊరు దూరమైనట్లే డక్కలివానికి మాదిగవాడయే దూరము. నిజాము రాజ్యమున వెట్టి పేరిట కూలి లేకయే పని గుంజుకొనిరి. నాగు పేరిట తెచ్చిన గింజకు కోతలనాడు వడ్డీ గింజ కలిపి కొలిచి యియ్యగా కూలివాని గాదె మరల వట్టిదాయెను. చిందువారి ఆడుబిడ్డలలో కొందఱిని జోగినులుగ మార్చిన దురాచారమునకు ఏ కళాగౌరవమును సమాధానము కాజాలదు. హక్కు పుట్టుకను బట్టి వచ్చినది గనుక బంధనమును పుట్టుకను బట్టియే వచ్చెను. ఆ కట్టు తెగుట మేలే. కట్టు తెగినపుడు పాలు కూడ తెగిపోవుట మాత్రము అన్యాయము.

అది యెట్లు తెగెనో చూడుడు. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియై డెల్టాలు పండుట మొదలిడెను. కాలువలపై పడవలు, 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన ఏర్పడిన పిమ్మట ధాన్యము ఊరు దాటి దూరపు బజారులకు పోవుటకు దారి సుగమమాయెను. ధాన్యము రూపాయిగ మాఱినపుడు, రాశి చుట్టును నిలిచిన చేతులు రైతు కంటికి ఖర్చుగ కనబడసాగెను. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున ధరలు పడిపోగా, శిస్తుకే చాలని రైతు ముందుగ కోసికొన్నది కథకుని పాలే. ఈ మార్పును చాల ముందుగ పసిగట్టినవారిలో బొమ్మలాటవారే యుండుట గమనింపదగినది. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి పూనికతో కీచకవధ ప్రదర్శించిన కుటుంబమువారు తోలుబొమ్మలాటవారే. బొమ్మల వెనుక దాగిన మనుష్యులు తెర ముందునకు వచ్చిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. సురభి నాటకసమాజములు ఊరూర డేరాలు వేసి టిక్కెట్టు పెట్టెను. 1910 మొదలు రఘుపతి వెంకయ్యగారు చలనచిత్రయంత్రముతో ఊళ్లు తిరిగిరి. 1932లో భక్తప్రహ్లాద తెలుగున పలికెను. టిక్కెట్టును నేను నిందింపను. నేల టిక్కెట్టు కొనినవానిని కులమేమని అంతగా అడుగువారు లేరు. అది చిన్న మేలు కాదు. అయితే పటమునకు, చిందునకు, బొమ్మలాటకు డేరా వేయు పెట్టుబడి లేదు. కళ్లము పాలు పోయెను, టిక్కెట్టు పాలు రాలేదు.

ఇప్పుడు కళ్లమే లేదు. కోతయంత్రము మడిలోనే గింజ రాల్చి ట్రాక్టరులో పోయుచున్నది. ఆ గింజ నేల తాకకయే మిల్లునకు చేరుచున్నది. ఇక కథకుడు వచ్చి నిలుచుటకు చోటెక్కడ? మన ప్రభుత్వములు గౌరవింపలేదని అనజాలము. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లోను, జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లోను పద్మశ్రీ లభించెను. మనకది గర్వకారణము. అయితే పురస్కారము ఒక మనిషికి వచ్చును. పాలు అనునది బృందమునకంతకును, ఏటేట రావలెను. నిమ్మలకుంటలో రావణుని గీచిన చేతులే నేడు దీపపు గుమ్మటములపై నెమళ్లను గీయుచున్నవి. ఆ గుమ్మటములు అందమైనవే. వారి కడుపు నింపుచున్నవి గూడ. ఆడని బొమ్మ మాత్రము అలంకారముగానే మిగిలిపోవును.

కళాకారులను ఆదుకొనుడని పత్రికలలో తఱచు చూచుచుందుము. ఆ మాట నాకు రుచింపదు. ఆదుకొనుట యనగా క్రింద పడినవానికి చేయి యందించుట. వీరు క్రింద పడినవారు కారు, ఇయ్యవలసినది అందనివారు. ఇప్పటి పిల్లలు రాత్రియంతయు మేల్కొని చూడరని కొందఱందురు. రెండు గంటలకు కుదించి ఆడుటకు వారు సమర్థులే. డబ్బెక్కడిదని మఱికొందఱందురు. ప్రతి ఊరి తిరునాళ్లకును, జాతరకును, తీర్థమునకును ఇంటింట చందా వసూలగుచున్నది. విద్యుద్దీపాలంకారమునకును, ఊరు దద్దరిల్లు శబ్దయంత్రములకును వేలకు వేలు పోయుచున్నారు. ఆ చందాలోనిదే కథకుని పాలు.

కనుక ఉత్సవసంఘముల పెద్దలకును, పంచాయతీ సభ్యులకును నా విన్నపమిది. రాబోవు ఉత్సవపు లెక్క వ్రాయునపుడు పూజకు, పందిరికి, భోజనములకు వ్రాసిన పిమ్మట ఒక పంక్తి విడిచి, మీ మండలములో మిగిలియున్న బొమ్మలాట బృందమునకో, చిందు బృందమునకో, పటము కథ చెప్పు కుటుంబమునకో ఒక రాత్రియు, దానికి తగిన పైకమును ముందుగానే వ్రాయుడు. పైకమెంతో వారితో కూర్చుండి నిర్ణయింపుడు. సగము పిలుచునపుడే చెల్లింపుడు. ఆట ఊరి నడుమ, అందఱును ఒక్క చాపపై కూర్చుండి చూచునట్లు పెట్టింపుడు. పై యేటికి కూడ వారినే రమ్మని ఆ రాత్రియే చెప్పి పంపుడు.