గోడ యీవలి ప్రజకు చెప్పరా?

ప్రయోగశాలల సంగతి పండితులకు వదలివేయుడని మాకు తరచు హితోపదేశము వినవచ్చుచున్నది. రోగబీజముల శాస్త్రమున పండితులతో వాదింపజాలమని మేము ఒప్పుకొందుము. కాని ఆ బీజము గోడ దాటి వచ్చినప్పుడు చచ్చువాడు పండితుడే కానక్కరలేదు గదా!

1979 ఏప్రిలు 2వ తేదీన సోవియట్టు దేశమున, స్వెర్డ్లోవ్స్కు పట్టణములోని యొక సైనిక ప్రయోగశాలనుండి ఆంథ్రాక్సు బీజములు గాలిలో కలిసెను. మన రైతులు పశువుల దొమ్మరోగమనునది అదియే. ఆనాటి గాలి దక్షిణమునకు వీచెను. ఆ దారిని 4 కిలోమీటర్లలోపల, పింగాణీ కార్ఖానా కూలీలతోగూడ, కనీసము 66 మంది మనుష్యులు మరణించిరి; 50 కిలోమీటర్లవరకు పల్లెలలో పశువులు చచ్చినవి.

ప్రభుత్వమేమి చెప్పెను? చెడిన మాంసము తిని చచ్చిరని చెప్పెను! ఆసుపత్రి కాగితములను రహస్య పోలీసులు పట్టుకొనిపోయిరి. శవపరీక్షలు చేసిన వైద్యురాలు ఫాయినా అబ్రామోవా, ఆమె సహచరుడు లెవ్ గ్రిన్‌బెర్గు సాహసించి కొన్ని తునకలను, వ్రాతలను దాచియుంచిరి గనుక సాక్ష్యము మిగిలినది. సైన్యమే కారణమని అధ్యక్షుడు యెల్ట్సిన్ ఒప్పుకొనుటకు 1992 రావలసివచ్చెను. వకీలు వృత్తిలో మేము కూటసాక్ష్యములు చాల చూచితిమి గాని, చచ్చినవాని విస్తరిపై నేరము మోపిన సాక్ష్యమును మాత్రము చూచి యెరుగము.

నిజము చెప్పినచో జనులు బెదరుదురందురా? 1978లో ఇంగ్లండున బర్మింగ్‌హాము వైద్యకళాశాలలో, మశూచి ప్రయోగశాలకు పై అంతస్తున పనిచేయు ఛాయాచిత్రకారిణి జానెట్ పార్కరు మశూచిచే మరణించెను. అచ్చటి ప్రయోగశాలయు నిర్దోషి యని మేమనము. అయినను రోగము పేరు బయటపెట్టి, ఆమెను కలిసినవారిని వెదకి, వందలకొలది జనులకు టీకాలు వేసిరి. వ్యాధి ఆమె తల్లికి తప్ప మరియొకరికి సోకలేదు; ఆ తల్లియు బ్రదికెను.

ఇక మన సంగతి. పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో నిబంధనలు చేసిరి. ప్రమాదము జరిగినచో సర్కారు సంఘములకు వెంటనే తెలుపవలెనట. కలెక్టరు క్రింది జిల్లా సంఘము ఆవరణ వెలుపలి ఆపత్కాల ప్రణాళికను సిద్ధపరుపవలెనట. మంచిదే. కాని ప్రమాదము తెలుపుమన్న నిబంధనలో సంఘముల పేర్లున్నవి గాని, గోడ నానుకొనియున్న వాడ పేరు లేదు. ఆ ప్రణాళికను మన పఠనాలయపు బల్లపై నెవరైన చూచితిరా?

హైదరాబాదు శివారున జీనోమ్ వ్యాలీలో తయారగు టీకాలు మనకు కావలసినవే. ప్రయోగశాలలను మూయుడని మేమనుట లేదు. ప్రమాదము జరిగిన దినముననే అది యే బీజమో చుట్టుప్రక్కల వైద్యులకు తెలుపుడనియు, ప్రణాళికను తెలుగున అచ్చువేయించి జనులకిండనియు కోరుచున్నాము. చదువరులు ఊరకుండరాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో కలెక్టరు కచేరికి దరఖాస్తు పెట్టుడు: మా జిల్లాలో ఆ సంఘమున్నదా? ప్రణాళిక యేది? 30 దినములలో వారు జవాబీయవలెను. ఆ జవాబులను మాకు పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.