కాగితపు కవచము

విద్య యనగా పుస్తకములో ఉన్నదే యనియు, చేతిపని చదువు అబ్బని వారి పాలిటిదే యనియు మనలో ఒక అభిప్రాయము బలముగా పాతుకొని యున్నది. దానిని మన విద్యార్థులలో కొందరు ఇటీవల తమకు తెలియకయే ఖండించుచున్నారు. మందపు కాగితమును కత్తిరించి, మడిచి, అతికి, దానిపై ఫైబరు గ్లాసు పరచి, రంగు వేసి, ఒంటికి తొడుగదగిన కవచములు చేయవలెనను ఉబలాటము వారిలో పుట్టినది. దీనిని గూర్చి పెద్దలలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఇది వట్టి కాలక్షేపమని కొందరు, ప్రమాదకరమని మరికొందరు. మొదటి మాట సరికాదు. రెండవ మాట చాలవరకు నిజము. అయినను నిషేధము దానికి మందు కాదని మా అభిప్రాయము.

రాజాంలో కవచమును గూర్చి మాటలాడుచు తాండ్ర పాపారాయుని తలపకుండుట ఎట్లు? 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ దండును, విజయనగర సైన్యమును కలిసి బొబ్బిలి కోటను పడగొట్టగా, రాజాంలో నున్న పాపారాయుడు ఆ వార్త విని వెడలి, విజయరామరాజును అతని గుడారములోనే కడతేర్చిన కథ ఈ ప్రాంతమున పసిపిల్లలకు సైతము తెలియును. బుర్రకథలు, నాటకములు, 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ చలనచిత్రములు ఆ కథను ఇంటింటికి చేర్చినవి. కాని మన వార్షికోత్సవ వేదికలపై ఆ వీరుడు తొడుగు కవచము ఎక్కడిది? అద్దెకు తెచ్చినది. అట్టముక్కపై తళుకు కాగితము అంటించి, రొమ్ముపై కండలు తీర్చిన రోమను సైనికుని కవచమునకు నకలు. బొబ్బిలి వీరుని ఒంటిపై రోము నగరపు తొడుగు! చూచువారు నవ్వరు, ఏలననగా మరియొకటి ఉన్నదని వారికి ఎవరును చూపలేదు.

మరియొకటి ఉన్నది. మొగలాయి, దక్కను సైన్యములలో వాడుకలో నుండిన ఒక కవచమునకు ఫారసీలో ‘చార్ ఆయినా’ అని పేరు. నాలుగు అద్దములని దాని అర్థము. రొమ్మునకు ఒకటి, వీపునకు ఒకటి, ప్రక్కలకు రెండు, వెరసి నాలుగు ఉక్కు పలకలను తోలు పట్టెలతో కూర్చి, ఉక్కు వలయములతో అల్లిన ‘జిరహ్’ అను అంగీపై తొడిగెడివారు. అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో పాదుషా ఆయుధశాలకు ఒక ప్రకరణమునే కేటాయించెను. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో పాతకాలపు ఆయుధములకు ప్రత్యేకముగా ఒక శాల కలదు. మన కళాశాలలో ఉర్దూ చదువువారును, తెలుగు చదువువారును ఒకే కప్పు క్రింద ఉన్నారు. ఈ కవచము పేరు ఒకరికి చేరువ, దానిని తొడుగవలసిన పాత్ర మరియొకరికి చేరువ. ఇద్దరును కూర్చుండి చేయదగిన పని ఇంతకు మించి వేరొకటి దొరకునా?

ఇందులో గణితమును లేకపోలేదు. కాగితము ఒక దిక్కుననే వంగును. గొట్టముగా చుట్టవచ్చును, శంకువుగా మలచవచ్చును. బంతికి మాత్రము ముడుత పడకుండ తొడుగజాలము. బత్తాయి తొక్కను చినుగకుండ బల్లపై పరచలేకపోవుట ఈ సత్యమునకే మరియొక ముఖము. దీనిని జర్మను గణితవేత్త గౌస్ 1827లో సిద్ధాంతరూపమున నిరూపించెను. అంతకు మూడువందల యేండ్ల ముందే, 1525లో, చిత్రకారుడు డ్యూరర్ ఘనరూపములను విప్పి చదునుగా గీచిన పటములను అచ్చువేయించెను. నేడు జపాను వారి ‘పెపకురా’ అను కంప్యూటరు కార్యక్రమము చేయు పని అదియే: గుండ్రని రూపమును చిన్న చిన్న చదును ముఖములుగా విడగొట్టి, ఏ అంచు ఏ అంచునకు అతుకవలెనో అంకెలు వేసి, కాగితముపై పరచి యిచ్చును. చార్ ఆయినా పలకలు ఇంచుమించు చదునైనవి గనుక, వానికి కంప్యూటరు కూడ అక్కరలేదు. స్కేలు, పెన్సిలు, కత్తెర చాలును. శిరస్త్రాణమునకు దిగినపుడు గదా అసలు లెక్క ఎదురగును.

ఆ లెక్క మన విద్యార్థినులకు ఇదివరకే తెలియునని మేము చెప్పిన వారే ఆశ్చర్యపడవచ్చును. జాకెట్టునకు టక్కు పట్టు పిల్ల చదునైన గుడ్డనుండి ఒక కోణమును తొలగించి దానికి ఒంటి వంపును తెచ్చుచున్నది. కాగితముతో కవచము కట్టువాడు చేయునదియు అదే. కావున ఈ పనిని మగపిల్లలకే విడుచుట న్యాయము కాదు, తెలివియు కాదు.

ఇది పరాయివారి వ్యామోహమను వారికి ఒక మాట. తేలికయైన పదార్థముతో బరువైన దాని భ్రమను కల్పించుట మన రంగస్థలమునకు క్రొత్త కాదు. తెలంగాణములో చిందు భాగవతులు కిరీటములను, భుజకీర్తులను తేలికయైన పొణికి కర్రతో చెక్కించుకొందురు. కొండపల్లి బొమ్మ పుట్టునదియు ఆ కర్రనుండియే. దాని అతుకులను పూడ్చునది చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టు. మొహర్రము నాటి తాజియాలను వెదురు బద్దలతోను రంగు కాగితములతోను ఎంత నేర్పుగా కట్టుదురో చూడనివారు మనలో అరుదు. హైదరాబాదులో జరుగు కామిక్ కాన్ ఉత్సవమునకు పరదేశపు కథానాయకుల కవచములు తొడిగి పోవు యువకులు ఈ పరంపరకు పరాయివారు కారు. వారు ఎన్నుకొన్న వీరుడు వేరు, అంతే.

ఇక ప్రమాదపు మాట. కాగితపు నమూనా పూర్తియైన పిమ్మట వెలుపల రెజినును పలుచగా పూయుదురు. అది గట్టిపడిన తరువాత లోపలి వైపున ఫైబరు మ్యాటును రెండు పొరలు పరచి, కుంచెతో రెజిను ఇంకింతురు. ఆపైన గరుకు కాగితముతో రుద్ది, లప్పము పెట్టి, ప్రైమరు, రంగు వేయుదురు. వినుటకు సులభము. కాని పాలియెస్టరు రెజినునుండి వెలువడు స్టైరీను ఆవిరి తలను త్రిప్పును, కన్నులను మండించును. అది క్యాన్సరు కలిగించు అవకాశము మెండుగా గల పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2018లో నిర్ణయించెను. రెజినును గట్టిపరచు హార్డెనరు ఒక్క చుక్క కంటిలో పడినను చూపునకే ముప్పు. నూరు గ్రాముల రెజినునకు ఒకటి రెండు గ్రాములు మించి కలిపినచో గిన్నె పొగలు క్రక్కును. రెజినుతో పాటు అమ్ము కోబాల్టు ద్రవమును హార్డెనరుతో నేరుగా కలిపిన ప్రేలును. రుద్దునపుడు లేచు గాజు ధూళి ఊపిరితిత్తులలో దూరును. ముఖమునకు కట్టుకొను గుడ్డ ఈ ఆవిరిని ఆపజాలదు. బొగ్గు డబ్బా గల ముసుగు వేరుగా కావలెను. ఇవేవియు ఎరుగక, మేమెరిగిన కొందరు కుర్రవాండ్రు వసతిగదిలో తలుపులు బిగించుకొని ఒక రాత్రియెల్ల ఈ పని చేసి, రెండు దినములు తలలు పట్టుకొని పడియుండిరి. వారిని మందలించిన పెద్దలు పలువురు. పనిచేయుటకు గాలి వచ్చు చోటు చూపినవారు ఒక్కరును లేరు.

నిషేధించిన పని ఆగిపోదు, మూసిన గదిలోనికి పోవును. మా వాదనకు ఇదియే ఆయువుపట్టు. కవచము కట్టువానికి ముందుగా కవచము కావలెను. అది కళాశాల ఇవ్వదగినది.

మొదటి యేడు రెజిను జోలికే పోనవసరము లేదు. రాజాం పరిసరములు గోగునారకు, జనపనారకు పేరుగన్నవి. గోనెగుడ్డకును పాత వార్తాపత్రికలకును చింతగింజల జిగురు పట్టించి, కాగితపు నమూనా లోపల మూడు నాలుగు పొరలు పరచి ఎండబెట్టిన, వేదికపై తొడుగుటకు చాలినంత గట్టి పలక తయారగును. వానకు మెత్తబడకుండ వార్నీషు పూయవలెను. ఎండుటకు దినములు పట్టును. కాని దానివలన ఎవరి ఊపిరికిని హాని లేదు. ఫైబరు గ్లాసు కావలెనను వారు రెండవ యేట, నాలుగు వైపుల గాలి ఆడు పాకలో, అధ్యాపకుని ఎదుట, చేతితొడుగులు, కంటి అద్దములు, తగిన ముసుగు ధరించి చేయవచ్చును. నేర్పువారికి కొరత లేదు. సిక్కోలు తీరమున ఫైబరు పడవలకు అతుకులు వేయు పనివారు ఉన్నారు. వారిలో ఒకరిని గురువుగా పిలిచి, బల్ల ముందు నిలిపి, తగిన సంభావన ఇచ్చిన, చేతిపని చదువురాని వారి పాలిటిదను ఆ పాత అభిప్రాయము ఆనాడే సగము సడలును.

ఖర్చు మాట పాలకవర్గమువారు అడుగుదురు, అడుగవలెను. ఏటేట అద్దెకు పోవు సొమ్ము తిరిగి రాదు. ఒకసారి చేసిన కవచము బీరువాలో నిలుచును, దాని కొలతల పటములు గ్రంథాలయములో నిలుచును. ఇక పరీక్షల కాలము వ్యర్థమగునను వారికి: ఈ పనిని జూలైలో మొదలిడి డిసెంబరు నాటికి ముగింపవచ్చును. వారమునకు ఒక్క సాయంత్రము చాలును.

కాబట్టి పాలకవర్గమువారికి మా విన్నపము మూడు మాటలలో ముగియును: గాలి ఆడు ఒక పాక, దానికి బాధ్యుడైన ఒక అధ్యాపకుడు, నాటకపు అద్దె పద్దులోనుండి ఒక యేటి సొమ్ము. విద్యార్థులకు మా మాట ఒక్కటే: ఆ పాక లేచువరకు రెజిను డబ్బా మూత తీయకుడు. కాగితము, కత్తెర, చింతగింజలు మీ చేతిలోనే ఉన్నవి. రాబోవు వార్షికోత్సవమున మన పాపారాయుడు అద్దె కవచముతో గాక, మీరు కొలిచి, మడిచి, అతికిన నాలుగు పలకలతో వేదిక నెక్కవలెనని కోరుచున్నాము.