పుప్పొడి మోసే కూలీలను చంపుకోరాదు

పొద్దుతిరుగుడు చేను విరగబూసింది. దారిన పోయేవారు ఆగి చూశారు. తీరా పూవులు ఎండబెట్టి, కొట్టి, తూర్పారబడితే నడిమి గింజలన్నీ తాలు! నంద్యాల, కర్నూలు ప్రాంతాలలో ఈ పైరు వేసే రైతులకు ఇది కొత్త అనుభవం కాదు. విత్తనం నకిలీదని కొందరు, ఎరువు చాలలేదని కొందరు అంటారు. అవీ కారణాలు కావచ్చు. కాని పూతలో పుప్పొడి అందిందా లేదా అని ఆలోచించేవారు తక్కువ.

మనం ఒక్క పూవు అనుకునేది నిజానికి వందలాది చిన్న పూవుల గుత్తి. అంచు నుండి నడిమికి రోజుకు కొన్ని వరుసల చొప్పున అవి విచ్చుకుంటాయి. ప్రతి చిన్న పూవూ ముందు పుప్పొడిని ఇస్తుంది. దాని కీలాగ్రం మరునాటికి గాని సిద్ధం కాదు. అందుచేత పొడి మరో పూవు నుండి రావాలి. ఈ పొడి బరువైనది, జిగురు గలది, గాలికి అంతగా ఎగరదు. మొక్కజొన్నకు గాలి చేసిపెట్టే పని ఇక్కడ తేనెటీగ చేయవలసిందే.

తేనెటీగలు పూలపై ముమ్మరంగా తిరిగేది ఉదయం పూట. మందు డబ్బా వీపున వేసుకుని రైతు చేలో దిగేదీ ఆ వేళకే. పచ్చపురుగు కోసం కొట్టిన మందు తేనెటీగనూ చంపుతుంది. మందు ఖర్చూ రైతుదే, తాలు గింజల నష్టమూ రైతుదే. పూతలో మందు తప్పనిసరి అయితే సాయంత్రం, ఈగలు గూటికి చేరిన తరువాత కొట్టాలి. ఒక్కరు పాటిస్తే చాలదు. ఈగకు పొలం గట్లు తెలియవు గనుక పక్క చేలవారు కూడబలుక్కోవాలి.

ఈగలు లేనిచోట రెండు వారాలపాటు రోజు విడిచి రోజు, ఉదయం 9 నుండి 11 గంటల మధ్య, చేతికి పలుచని గుడ్డ చుట్టుకుని పూవులను మెల్లగా రుద్దాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మంచి సలహాయే. కాని నేటి కూలి రేట్లకు ఎన్ని ఎకరాలు రుద్దించగలరు? తేనెటీగ కూలి అడగదు. పూత కాలానికి చేలలో తేనెటీగల పెట్టెలు పెట్టించే పూచీ వ్యవసాయ శాఖ సిబ్బంది తీసుకోవాలి. చెట్టున పట్టిన తేనెపట్టుకు కాగడా పెట్టి ఈగలను మాడ్చే అలవాటును ఊరివారే మాన్పించాలి.

ఇక పూత రోజులలో తుమ్ములు, ఆయాసం వస్తే నింద పొద్దుతిరుగుడుపై పడుతుంది. ఆ బరువైన పొడి ఊళ్లోకి వచ్చేది బహు తక్కువ. గట్లపైన, బడి ఆవరణలోన పెరిగే వయ్యారిభామను ఎవరూ అనుమానించరు. దాని పుప్పొడి ఉబ్బసం తెస్తుంది, మొక్క తగిలితే చర్మం దురద పుడుతుంది. ఆ పొడి టమాట, వంగ పూలపై పడితే పిందె సరిగా దిగదని బెంగుళూరు శాస్త్రజ్ఞులు 1980లోనే వెల్లడించారు. చేతులకు తొడుగులు వేసుకుని, పూతకు రాకముందే వేళ్లతో పీకాలి. పంచాయతీలు తొలి వానలు పడిన నెలలోపే ఈ పని చేయించాలి. విత్తనం రాలిన తరువాత కోయిస్తే మరుసటి ఏడు మళ్లీ అదే కూలి ఇచ్చుకోవాలి.